ఎడమ పురి

అక్టోబరు 3, శుక్రవారం

నిన్న దసరా అయిపోయింది. పొద్దున్న సహస్రనామం పూర్తయ్యాక ఈ పుస్తకం తీశాను. దుకాణంలో మిగిలిపోయిన పాత డైరీ. తేదీలు కొట్టేసి రాసుకోవాలి. ఎవరికీ చెప్పనివి ఎక్కడో ఒకచోట దింపుకోవాలి కదా.

నిహారిక ఈ వారం నుంచి మా పూజాసామగ్రి దుకాణంలో కూర్చుంటోంది. చదువు అయిపోయింది, ఇక సరుకు రాకపోకలన్నీ తనే చూస్తానంది. తమ్ముడు ఆత్రేయ కూతురి మాట కాదనడు. ఇన్నాళ్ళూ అవి చూసింది నేను.

మధ్యాహ్నం వత్తుల పెట్టెలు వచ్చాయి. పైన చీటీ చూసి నన్ను పిలిచింది. ఈ శ్రీపద్మ ట్రేడర్స్ వాళ్ళు చేసేవాళ్ళా, మధ్యలోవాళ్ళా అని అడిగింది. మధ్యలోవాళ్ళన్నాను.

"ఓ, అయితే బ్లైండ్ షిప్‌మెంట్ అత్తా ఇది," అంది.

కూర్చోబెట్టి చెప్పింది. సరుకు చేసినవాళ్ళ దగ్గర బయల్దేరి కొన్నవాళ్ళ దగ్గరికి వెళ్తుంది. కానీ చీటీ మీద చేసినవాళ్ళ పేరు ఉండదు, మధ్యవాడి పేరు ఉంటుంది. అటువైపు చేసేవాళ్ళకి కూడా అది ఎవరికి చేరుతోందో తెలియకపోతే డబుల్ బ్లైండ్ అట. దారిలో ఎక్కడో చీటీ మారుతుందట. చాలా వ్యాపారాల్లో ఉన్నదేనట, తప్పేమీ కాదట.

ఎందుకలా అని అడిగాను, ఏమీ తెలియనట్టు.

"సింపుల్ అత్తా. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుంటే ఇంక మధ్యవాడితో పనేముంది?"

తెలిసి అన్నది కాదు పిల్ల. నవ్వుతూ అంది.

ఏడేళ్ళుగా చేస్తున్న పనికి ఇవాళ పేరు తెలిసింది.

అక్టోబరు 4, శనివారం

మధురానగర్ వెళ్ళాను. నాన్న ఇంట్లో ఇప్పుడు అద్దెకున్నవాళ్ళు ఉంటారు. మెట్ల కింద గది మాత్రం నాది. ఒక బల్ల, ఒక కుర్చీ, జిగురు సీసా, నాన్న పటం. శ్రీపద్మ ట్రేడర్స్ అంటే ఇంతే. నాన్న అనంతపద్మనాభంగారి పేరులోంచి ముక్క తీసుకుని పెట్టాను. నాన్న ఏమీ అనుకోరు.

రాఘవేంద్ర తొమ్మిదింటికి ట్రాలీ ఆటో తెచ్చాడు. రహమత్ నగర్‌లో చెల్లెలు మహతి ఇంటి ముందు ఎక్కించుకున్న పెట్టెలు. వాటి మీద ‘పంపినవారు: మహతి. అందవలసినవారు: శ్రీపద్మ’ అని ఉంటుంది. ఆ చీటీ పీకేస్తాను. ‘పంపినవారు: శ్రీపద్మ. అందవలసినవారు: శుభారంభం, జూబ్లీహిల్స్’ అని కొత్తది అంటిస్తాను. అక్కడినుంచి బండి మా దుకాణానికి కొండెక్కుతుంది. మొత్తం అరగంట దారి. ఆ వత్తులు చేసిన మనిషి తన అన్న గుమ్మం ఎక్కి తొమ్మిదేళ్ళు.

రాఘవేంద్ర రోజూ అడగడు. ఇవాళ అడిగాడు.

"అమ్మా, గీ డబ్బాకు రెండు పేర్లు ఏందమ్మా? మా కాక కొడుకు గిట్లనే రేషన్ కార్డుల ఒక పేరు, పెండ్లి పత్రికల ఒక పేరు పెట్టుకున్నడు. ఆఖరికి ఎవలన్న పిలిస్తే దేనికి పలకాల్నో మర్శిపోయిండు."

నేను నవ్వలేదు. బండి వెళ్ళాక, ఒక్కదాన్నే ఉన్నప్పుడు, కాస్త నవ్వొచ్చింది.

నేను ఎవరికీ అబద్ధం రాయలేదు. ఒక పేరు రాయలేదు, అంతే. మహతి మొగుడు తిరుమలేశ్‌కి సినిమా లైట్ల పని నెలలో పది రోజులు ఉంటే ఉన్నట్టు. పెట్టెలు ఆత్రేయకని తెలిస్తే మహతి పంపదు. మహతివని తెలిస్తే ఆత్రేయ కొనడు. అటునుంచి వచ్చింది ఇటు, ఇటునుంచి వచ్చింది అటు అందించాను. నాకోసం ఏమీ ఉంచుకోలేదు.

అక్టోబరు 6, సోమవారం

కార్తీక పౌర్ణమికి మూడువందల అరవై ఐదు వత్తుల కట్టలు కావాలట. ఒకటీ రెండూ కాదు, నగరంలో ఎన్ని కొట్లున్నాయో అన్నింటికీ. ఒక పెద్ద దుకాణాల సంస్థ అడిగింది. నిహారిక నేల మీద నిలబడటం లేదు. ఒకటే షరతు. చేసే చోటు చూపించాలి, చేసే మనుషుల్ని చూడాలి.

టిఫిను దగ్గర ఆత్రేయ అన్నాడు, ఆ శ్రీపద్మవాళ్ళు ఎవరి దగ్గర చేయిస్తున్నారో ఒకసారి కలిపించక్కా అని.

"వాళ్ళు ఇష్టపడరు," అన్నాను.

నా వంక చూశాడు. అడిగితే చెప్పేదాన్నేమో. అడగలేదు.

"అలాగా. ఇష్టం లేనిది మనకెందుకులే," అన్నాడు.

రెండో ఇడ్లీ వదిలేసి లేచాడు. పుష్పవల్లి చట్నీలో ఉప్పెక్కువైందేమోనని నన్ను అడిగింది. మరదలికి వంట తప్ప మరో అనుమానం రాదు. అదృష్టవంతురాలు. ఉప్పు సరిపోయిందని చెప్పాను.

అక్టోబరు 7

జపం లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి చేశాను.

అక్టోబరు 9, గురువారం

గుడికని చెప్పి రహమత్ నగర్ వెళ్ళాను. దారిలో గుడికి కూడా వెళ్ళాను.

మహతి గుమ్మంలోనే కూర్చుని ఉంది, ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో పత్తి. గల్లీలో ఇంకో నలుగురు గింజ తీసి, విడదీసి ఇస్తారు. పురి పెట్టడం మాత్రం తనే. వేళ్ళకి విభూతి అద్దుకుని ఎడమచేత్తో తిప్పుతుంది. చూస్తుండగానే పది వత్తులు రాలాయి. ఎదురింటి ఆమె నన్ను చూసి, "అక్క వస్తే గూడ చెయ్యి ఆగదు గద నీకు," అంది. మహతి నవ్వి, ఆగితే పొయ్యి కూడా ఆగుతుందంది.

కాఫీ తాగాక అడిగింది. ఎక్కడికి వెళ్తాయో తెలియక్కర్లేదట. ఎక్కడ వెలుగుతాయో ఒక్కటి చెప్పమంది.

"మంచి ఇంట్లో."

"దేవుడి గది పెద్దదా?"

"పెద్దదే."

"కుందులు ఇత్తడివా, వెండివా అక్కా?"

"నాన్న కుందుల్లాంటివి," అన్నాను.

అనకూడని మాట. దాని వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి. తర్వాత ఆత్రేయ మోకాలి నొప్పి అడిగింది. ఫరవాలేదన్నాను. నేను చెప్పులు వేసుకుంటుండగా, తల ఎత్తకుండా, "నా ఉత్తరానికి అన్నయ్య ఏమీ అనలేదు కదూ," అంది.

లేదన్నాను.

"రెండేళ్ళయింది. ఇంక అనడులే."

అతను ఏమీ అనలేదు. అది నిజమే.

అక్టోబరు 11, శనివారం

ఫిల్మ్‌నగర్‌లో ఇవాళ ఒక సినిమా ముహూర్తం. సామగ్రి మనదే. నిహారిక వెళ్ళింది, సాయంత్రం వచ్చి పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పింది.

దీపారాధన దగ్గర పంతులుగారు వత్తి చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఇది తిరగబడ్డ పురి, ఎవరో ఎడమచేత్తో చేశారు, శుభమా అని పక్కన పెట్టారట. నిర్మాత ముఖం పాలిపోయిందట. క్లాప్ కొట్టేవాడు పలక ఎత్తుకుని నిలబడే ఉన్నాడట, చెయ్యి లాగుతోందని దించితే అపశకునమేమోనని భయం. తనతో వెళ్ళిన ఆత్రేయ ముందుకెళ్ళి ఆ వత్తే తీసి కుందిలో వేశాడట.

"మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఇవే వెలుగుతున్నాయి పంతులుగారూ. మా దేవుడికి అభ్యంతరం లేదు," అన్నాడట.

"ముప్పై ఎక్కడ అత్తా, శ్రీపద్మ మొదలై ఏడేళ్ళేగా. నాన్న భలే అమ్ముతాడు," అంది నిహారిక.

వ్యాపారంలో అలాగే అంటారమ్మా అన్నాను.

అలాగే అంటారు.

అక్టోబరు 14, మంగళవారం

పెద్ద దుకాణాలవాళ్ళ మనిషి వచ్చి వెళ్ళింది. ఆత్రేయ వేరే పని మీద బయటికి వెళ్ళాడు. చేసే చోటు చూపించలేమని నిహారిక ఎలాగో ఒప్పించింది. కానీ వత్తి అన్నింటిలాగే ఉండాలట. మిగతాచోట్ల తీసుకునేవన్నీ ఒకవైపు పురి, ఇవి ఇంకోవైపు. కొనేవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి అంది. మాదిరికి ఒక పెట్టె కుడి పురితో పంపమంది.

నిహారిక నా చెయ్యి పట్టుకుంది. శ్రీపద్మవాళ్ళకి మీరు చెప్తే వింటారు అత్తా అంది. వింటారన్నాను.

నాన్నకి చెప్పాలా అని తనే అడిగి, వద్దులే, ఆర్డరు చేతికి వచ్చాక చెబుదాం, ఆశ్చర్యపోతారు అని తనే అంది.

నేనేమీ అనలేదు. నేనేమీ అననని అందరికీ తెలుసు.

అక్టోబరు 16, గురువారం

మహతికి చెప్పాను. ఎందుకని కూడా అడగలేదు. కొనేవాళ్ళ ఇష్టం అంది. పళ్ళెం అటునుంచి ఇటు మార్చుకుంది. కుడిచేత్తో మొదటి వత్తి విడిపోయింది. రెండోది కూడా. మూడోది నిలిచింది.

అమ్మ పోయేనాటికి దానికి ఏడేళ్ళు. నాకు ఇరవై. పలకమీద అక్షరాలు ఎడమచేత్తో దిద్దేది, అన్నం ఎడమచేత్తో కలిపేది. దేవుడి పనికి కుడిచెయ్యే అని ఎడమచేతిని జడ రిబ్బనుతో లంగా బొందుకి కట్టేసేదాన్ని. నేను స్నానానికి వెళ్ళగానే ఆత్రేయ విప్పేసేవాడు. నేను వచ్చేసరికి మళ్ళీ కట్టేసి ఉండేది, ముడి మాత్రం వేరేగా ఉండేది. వాళ్ళిద్దరూ నా ముఖం చూసేవాళ్ళు కాదు.

చివరికి నేనే ఊరుకున్నాను. అప్పటినుంచి ఇంట్లో వత్తులు దానివే.

ఇవాళ మళ్ళీ రిబ్బను కట్టి వచ్చాను.

అక్టోబరు 17

ఉత్తరం సంగతి రాయకూడదనుకున్నాను. రాయను.

అక్టోబరు 21, మంగళవారం

నిన్న దీపావళి. ఇంటి చుట్టూ ప్రమిదలు పెట్టాం. వెలిగించింది ఆత్రేయ. ఒక్కొక్క వత్తినీ వేళ్ళమధ్య పెట్టి కాస్త తిప్పి చూసి నూనెలో వేస్తున్నాడు. ఎప్పుడూ అలాగే చేస్తాడు. నూనె పట్టడానికి అనుకునేదాన్ని.

ఉత్తరం నా పెట్టెలో ఉంది. సహస్రనామం పాత పుస్తకంలో. విప్పలేదు. రెండేళ్ళ కిందట మహతి చేతిలో పెట్టి, అన్నయ్యకి ఇవ్వు అక్కా, చదివి ఏమైనా అననీ అంది. ఆ వారం ఆత్రేయకి జ్వరం. తర్వాత ఆషాఢం. తర్వాత దుకాణం మార్చారు. తర్వాత ఇంత ఆలస్యం ఎందుకైందని అడుగుతాడు కదా. ఇవ్వడానికి మంచిరోజు రాలేదు.

మంచిరోజులు నాకు తెలుసు. ముహూర్తాలు అడిగేవాళ్ళకి పంచాంగం తీసి చెప్పేది నేనే ఈ ఇంట్లో.

ఒకసారి మాత్రం పుస్తకంతోపాటు కిందికి తీసుకెళ్ళాను. మెట్ల మీద ఆగాను. వాళ్ళిద్దరూ కలుస్తారు. కలిస్తే ఇక మెట్ల కింద గదికి పనుండదు. రాఘవేంద్ర నాకోసం ఆగడు. మహతి మోకాలి నొప్పి సంగతి నన్ను అడగదు, ఆత్రేయనే అడుగుతుంది. వాళ్ళకి ముఖ్యమైనది తొమ్మిదేళ్ళ కిందటి రోజు. దాని గురించి మాట్లాడుకుంటారు.

పైకి వచ్చేశాను.

నాకోసం ఏమీ ఉంచుకోలేదని మొదట్లో రాశాను. ఆ పేజీ చింపలేదు. ఉండనీ.

అక్టోబరు 24, శుక్రవారం

కుడి పురి పెట్టె వచ్చింది. మాదిరి పెట్టె కాబట్టి నిహారిక బల్ల మీద పెట్టి విప్పింది. ఆత్రేయ అప్పుడే వచ్చాడు. ఎప్పటిలాగే ఒక వత్తి తీసి వేళ్ళమధ్య తిప్పాడు. ఇంకోటి తీశాడు. కట్ట విప్పి బల్ల మీద పరిచాడు. అన్నీ చూశాడు.

ముఖంలో రక్తం లేదు.

"దానికి ఏమైంది అక్కా?" అన్నాడు.

వాళ్ళకి అనలేదు. ఆవిడకి అనలేదు. ముక్కూ ముఖం తెలియని మనిషిని ఆత్రేయ ఎప్పుడూ అలా అనడు, బండివాడిని కూడా మీరంటాడు. దానికి అన్నాడు. ఈ లోకంలో అతను అది అనగలిగిన మనిషి ఒక్కతే.

"ఎవరికి నాన్నా?" అంది నిహారిక.

"ఒంట్లో బాగాలేదా? ఉందా అసలు? ఇవి ఎవరు చేశారు?"

ఇన్నేళ్ళు మాట్లాడకుండా ఉండటం అలవాటైతే కావలసినప్పుడు మాట రాదు.

"బాగానే ఉంది," అన్నాను. "కుడిచేత్తో చెయ్యమన్నాను."

కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆ వత్తులు మళ్ళీ కట్టగా కడుతూ, "చెయ్యి నొప్పి పుడుతుంది దానికి," అన్నాడు.

అక్టోబరు 25

నాగుల చవితి. ఏమీ రాయలేను.

అక్టోబరు 26, ఆదివారం

ఆత్రేయ నా గదిలోకి వచ్చాడు. ఈ గదిలోకి ఎప్పుడూ రాడు, గుమ్మంలో నిలబడి మాట్లాడి వెళ్తాడు. ఇవాళ వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

మొదటి పెట్టె విప్పిన రోజే తెలిసిందట. ఏడేళ్ళుగా ప్రతి పెట్టెలోంచీ ఒక వత్తి తీసి చూసుకుంటున్నాడట. పురి గట్టిగా ఉంటే మనసు బాగుందని, వదులుగా ఉంటే ఏదో కష్టంలో ఉందని. పోయిన వేసవిలో నెలరోజులు వదులుగా వచ్చాయట. నిజమే, అప్పుడు తిరుమలేశ్ నిచ్చెన మీదనుంచి పడ్డాడు. నేను ఎవరికీ చెప్పలేదు. అప్పుడు అవసరం లేకపోయినా రెండింతలు సరుకు అడిగాడు ఆత్రేయ. ఎందుకింత అని నేనే అడిగాను కూడా.

మరి ఎందుకు ఊరుకున్నావురా అన్నాను.

"మొదటినుంచీ నువ్వు అనేది అదేగా, వాళ్ళు ఇష్టపడరని. నా పేరు వింటే మానేస్తుందేమోనని ఊరుకున్నాను. అది తన పేరు చెప్పొద్దందా అక్కా?"

అవునంటే నమ్మేవాడు. నమ్మి కిందికి వెళ్ళిపోయేవాడు. సోమవారం పెట్టె వచ్చేది, నేను చీటీ మార్చేదాన్ని. అన్నీ ఎప్పటిలా.

నోట్లో అవునన్న మాట ఉంది.

పుష్పవల్లి కిందనుంచి భోజనానికి పిలిచింది. ఆత్రేయ లేచాడు. రేపు చెప్తాను అన్నాను.

అక్టోబరు 27, సోమవారం

చెప్పాను. ఇక్కడ కూడా ఒకసారి రాయాలి. ఎక్కడా రాయలేదు కాబట్టి.

నాన్న చివరి మూడు రోజులు ఆత్రేయ ఆసుపత్రి విడిచి రాలేదు. మహతికి కబురు చెయ్యి అక్కా అని నాకు చెప్పాడు. నాకే చెప్పాడు. దాని బిడ్డకి అప్పుడు ఆటలమ్మ. నాన్న కోలుకుంటారు, దాన్ని కంగారుపెట్టడం ఎందుకు, రేపు చేద్దాం అనుకున్నాను. రేపు కూడా అలాగే అనుకున్నాను. మూడో రోజు తెల్లవారాక చేశాను. అది వచ్చేసరికి మహాప్రస్థానం శ్మశానం నుంచి అందరూ వెనక్కి వస్తున్నారు.

పదకొండో రోజు, అందరి ముందూ, కబురు చెయ్యనివాడు అన్న ఎలా అవుతాడు అంది మహతి. కబురు అందీ రాకుండా తనమీద నింద వేస్తోందని ఆత్రేయ అనుకున్నాడు. ఇద్దరూ ఒక్కసారి నా వంక చూశారు, అక్క చెబుతుందని.

నేను తల వంచుకుని పిండాల దగ్గర దర్భలు సర్దుతున్నాను.

ఇంతే. రాస్తే అరపేజీ కూడా లేదు.

ఉత్తరం ఇచ్చాను. కిటికీ దగ్గరికి వెళ్ళి చదువుకున్నాడు. ఒకే కాగితం. మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందులో ఏముందో నాకు చెప్పలేదు. అడిగే హక్కు నాకు లేదు. కోప్పడతాడని చూశాను. కోప్పడితే బాగుండేది.

"నువ్వు మాట్లాడవు అక్కా," అన్నాడు. "అందుకే నిన్ను అందరం నమ్మాం."

అక్టోబరు 28

జపమాల పట్టుకున్నాను. తిప్పలేదు.

అక్టోబరు 30, గురువారం

పెద్ద దుకాణాలవాళ్ళకి ఆత్రేయ ఫోను చేసి, ఎడమ పురి అయితే పంపుతాం, లేకపోతే లేదు అన్నాడు. వాళ్ళు లేదన్నారు. నిహారిక ఏడ్చింది. తర్వాత నా గదికి వచ్చి, అత్తా, ఈ వత్తులు చేసేది మహతి అత్తేనట కదా అంది. రహమత్ నగర్‌లోనట కదా అంది. ఎన్నిసార్లు ఆ రోడ్డు మీదుగా వెళ్ళానో అంది.

నన్నేమీ అనలేదు. కానీ గుమ్మం దాటేముందు ఆగి, శ్రీపద్మవాళ్ళ నంబరని నా ఫోనులో ఉన్నది మీ రెండో నంబరేనా అని అడిగింది.

అవునన్నాను.

"ఓకే అత్తా," అంది.

నవంబరు 1, శనివారం

ఏకాదశి. నేను ఉపవాసం.

ఆత్రేయ తెల్లపంచె కట్టుకుని కిందికి దిగాడు. కారు తియ్యబోతే రాఘవేంద్ర అడ్డొచ్చాడు. ఇవాళ్టికి పెట్టెలేమైనా ఉన్నాయా అని అడగడానికి వచ్చి నిలబడి ఉన్నాడు.

"సారూ, ఆ గల్లీల మీ కారు తిరగది. జర నా బండి ఎక్కుండ్రి. ఏడేండ్ల సంది ఆ ఇంటికి పోతున్న, కండ్లు మూసుకుని తీస్కపోత."

ఆత్రేయ నా వంక చూశాడు. రమ్మని కాదు. దారి అదేనా అన్నట్టు. తలూపాను. ట్రాలీ ఆటోలో డ్రైవరు పక్కన, సగం బయటికి, మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. ఏడేళ్ళుగా పెట్టెలతో కొండెక్కిన బండి ఇవాళ మనిషితో దిగింది. మలుపు దాకా కనిపించింది.

మధ్యాహ్నం రాలేదు. పుష్పవల్లి అన్నం మూత పెట్టి ఉంచింది. నాలుగింటికి వచ్చాడు. తిన్నానన్నాడు. చొక్కా మీద విభూతి అంటుకుని ఉంది, భుజం దగ్గర, వేళ్ళ గుర్తులతో.

"అన్నీ చెప్పాను," అన్నాడు. "నీ సంగతి కూడా."

నవంబరు 2

మహతికి ఫోను చేశాను. ఎత్తలేదు.

నవంబరు 3

ఎత్తలేదు. నిహారిక కంప్యూటరులో శ్రీపద్మ పేరు తీసేసింది. ఒక్క నిమిషం పట్టింది. మధురానగర్ గది తాళంచెవి ఇంకా నా కొంగునే ఉంది. ఎవరూ అడగలేదు.

నవంబరు 5, బుధవారం

పౌర్ణమి.

తెల్లవారుజామున స్నానం చేసి తులసి దగ్గర దీపం పెట్టాను. పదింటికి పెట్టెలు వచ్చాయి. నేరుగా. మధురానగర్‌లో ఆగలేదు. పైన దాని రాత, ఎడమవైపుకి వాలిన అక్షరాలు. ‘పంపినవారు: మహతి. అందవలసినవారు: ఆత్రేయ.’ నిహారిక చీటీని ఫోటో తీసుకుంది. ఆత్రేయ వత్తి తీసి తిప్పి చూశాడు. ఎడమ పురి. గట్టిగా ఉంది.

సాయంత్రం అది వస్తుందట, పిల్లాడితో. పుష్పవల్లి పులిహోర కలుపుతోంది. నన్ను చింతపండు పులుసు చూడమంది. చూశాను. ఉప్పు సరిపోయింది.

అది నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. మాట్లాడకపోతే నేను మాట్లాడాలి. దర్భలు సర్దుతూ ఉండిపోయిన చోటినుంచి మొదలుపెట్టాలి. వాక్యం ఇంకా దొరకలేదు. పొద్దున్ననుంచి వెతుకుతున్నాను.

రాఘవేంద్ర అన్నీ దింపాక సీటు కిందనుంచి ఒక చిన్న పొట్లం తీశాడు.

"ఇది మీకేనంట అమ్మా. మీ చేతికే ఇయ్యమన్నది చెల్లెమ్మ. ఇంకేం చెప్పలే."

ఏడేళ్ళలో నా చేతి మీదుగా ఎన్ని పెట్టెలు వెళ్ళాయో. నాకని ఒక్కటీ రాలేదు. పైకి తెచ్చుకుని విప్పాను. పత్తి. గింజ కూడా తియ్యని పత్తి. ఉత్తరం లేదు, చిన్న కాగితమైనా లేదు. రెండుసార్లు వెతికాను.

కోపమో, పనో తెలియదు. గింజలు తీస్తూ కూర్చున్నాను. అది వచ్చేలోపు పది వత్తులైనా చెయ్యాలి. నా చేతికి అలవాటు తప్పింది, మొదటిది విడిపోయింది.

పొట్లం మీద చీటీ ఉంది. పంపినవారు: మహతి. అందవలసినవారు: రమామణి అక్క. మధ్యలో ఎవరి పేరూ లేదు.

చీటీ పీకలేదు.